కొండకూ సముద్రానికీ మధ్య ఇల్లు: వేసవిలో కిటికీలు తెరవాలా, మూయాలా?

ప్రశ్న: ఎండాడ కొత్తకాపురం

మేము అనంతపురం నుంచి బదిలీ మీద విశాఖకు వచ్చి, ఎండాడలో సాగర్‌నగర్ వైపు దిగే వాలులో ఒక పాత డాబా ఇల్లు అద్దెకు తీసుకున్నాము. ఇంటికి పడమట జాతీయ రహదారి, దానికి అవతల కంబాలకొండ ఉన్నాయి. తూర్పున నడిచి వెళ్లగలిగినంత దూరంలో సముద్రం ఉంది. ఇంట్లో డెబ్బై దాటిన మా అత్తగారు, బడికి వెళ్లే పాప, మేమిద్దరం ఉంటాము.

అనంతపురంలో ఎండ ఇంతకంటే ఎక్కువే అయినా, కిటికీ దగ్గర కూలర్ పెట్టి నీళ్లు పోస్తే గది చల్లబడేది. అదే కూలర్ ఇక్కడ పెడితే పక్కబట్టలు చెమ్మగిల్లుతున్నాయి తప్ప ఒంటికి హాయి లేదు. వార్తల్లో 34 డిగ్రీలని చెబుతారు గాని, కూర్చున్నచోట కూర్చున్నట్టే చెమట కారిపోతుంది. రాత్రిళ్లు పెరటి తలుపు తెరిస్తే సముద్రం వైపు నుంచి కాస్త గాలి వస్తుంది, అయితే తెరిచిన తలుపులోంచి గాలి ఒక్కటే రాదు కదా. పగలు కోతుల గుంపు వచ్చి వంటింట్లో చేతికందినవి పట్టుకుపోతోంది, డాబా మీది నీళ్ల ట్యాంకు మూత తీసి అందులో దిగుతోంది. పోయిన వారం స్నానాల గది తూము దగ్గర నల్లని ఒంటి మీద తెల్లని కట్లున్న సన్నని పాము కనిపించింది. అది కట్లపామే అని ఒకరు, కాదు విషం లేనిదని మరొకరు పక్కింటివారు వాదించుకుంటుండగానే అది తూములోకి జారిపోయింది. అప్పటి నుంచి అత్తగారు చీకటి పడకముందే తలుపులు, కిటికీలు అన్నీ మూయించేస్తున్నారు. ఆ ఉక్కపోతలో ఆవిడకే నిద్ర పట్టక నీరసపడిపోతున్నారు. ఏసీ ఒక్క పడకగదిలోనే ఉంది, దాని బయటి యూనిట్ అప్పుడే తుప్పు పట్టి ఉంది.

పక్షుల కోసం పెరట్లో నీళ్ల మూకుళ్లు పెడుతున్నాము. నీళ్లు పెట్టడమంటే పాములను పిలవడమేనని, పెరటి మామిడిచెట్టు కొట్టించేస్తే కోతుల బెడద కూడా వదులుతుందని ఇంటి యజమాని అంటున్నారు. ఆయన మాట ఎంతవరకు సరైనది? గాలి లోపలికి వచ్చి, జంతువులు బయటే ఉండే మార్గం ఏదైనా ఉందా?

జవాబు: కట్టుబడి ఇంజనీరు

ముందుగా కూలర్ సంగతి. దానిలోని నీరు ఆవిరైనప్పుడే గాలి చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు, అదే కారణంతో ఒంటి మీది చెమట కూడా ఆరదు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయన్న సామెత మీ అనంతపురానికి చక్కగా సరిపోతుంది గాని, ఈ తీరంలో రోలు పగలదు, దానికీ చెమట పడుతుంది.

అయితే విశాఖ వేసవి అంతా ఒకే తీరుగా ఉండదని గుర్తిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఎక్కువ రోజులు పొద్దెక్కిన తర్వాత నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేచి, ఆ చోటులోకి సముద్రం మీది గాలి వస్తుంది. అప్పుడు ఉష్ణోగ్రత అదుపులో ఉంటుంది, ఉక్కపోత మాత్రం తప్పదు. కొన్ని రోజులు పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. అప్పుడు వచ్చేది పొడి వేడి, అసలైన వడగాలి. మైదాన ప్రాంతాల్లో వడగాలులను ప్రకటించడానికి వాతావరణ శాఖ పెట్టుకున్న కనీస హద్దు 40 డిగ్రీలు కాగా, తీరప్రాంత కేంద్రాలకు అది 37 డిగ్రీలే, అదీ సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు పెరిగినప్పుడు. పత్రికల్లో మన నగరానికి ఒడ్డుకు దగ్గరగా ఉన్న వాల్తేరు, విమానాశ్రయం అని రెండు ఉష్ణోగ్రతల లెక్కలు ఇస్తారు. మీ ఇల్లు సముద్రం పక్కనే ఉంది కాబట్టి మీరు వాల్తేరు లెక్క చూసుకోవడం మేలు.

ఏ రోజు ఎలాంటిదో తెలుసుకోవడానికి పెద్ద సాధనాలేవీ అక్కరలేదు. ఉదయం పిండిన తువ్వాలు ఒకటి వరండాలో నీడన ఆరవేయండి. కాసేపటికే పెళపెళలాడితే పడమటి గాలి రోజు, మధ్యాహ్నానికి కూడా చెమ్మగానే ఉంటే సముద్రపు గాలి రోజు. పడమటి గాలి రోజున పొద్దెక్కక ముందే పడమటి కిటికీలన్నీ మూసి, ఒకదానికి మాత్రం వట్టివేళ్ల తడక కట్టి తడపండి, మూలన పడేసిన మీ కూలర్ కూడా ఆ రోజు చక్కగా పనిచేస్తుంది. సముద్రపు గాలి రోజున దీనికి పూర్తిగా తలకిందులుగా చేయాలి. తూర్పు, దక్షిణం కిటికీలు తెరిచి, ఎదుటి గోడలో ఎత్తున ఉన్న వెంటిలేటర్ కూడా తెరిచి ఉంచాలి, ఎందుకంటే లోపలికి వచ్చిన గాలికి బయటికి పోయే దారి లేకపోతే అసలు గాలే రాదు. అలాంటి రోజున గదిలో బట్టలు ఆరవేయడం, చల్లదనం కోసం గచ్చు మీద నీళ్లు చల్లడం ఉక్కను పెంచుతాయి.

మీ రాత్రి బాధకు మరో కారణం నెత్తిన ఉన్న శ్లాబు. అది పగలంతా తాగిన వేడిని తెల్లవార్లూ కక్కుతుంది. డాబా మీద తెల్లసున్నమో, కూల్ రూఫ్ పెయింటో రెండు పూతలు వేయించండి, పై అంతస్తు గదుల్లో తేడా వెంటనే తెలుస్తుంది. సాయంత్రం శ్లాబు మీద నీళ్లు పోసే అలవాటును మాత్రం పాత ఇంటికి నేను సలహా ఇవ్వను. ఉప్పుగాలి తగిలే ఇంట్లో పగుళ్లలోకి దిగిన నీరు లోపలి ఇనుప చువ్వలను తినేస్తుంది.

ఏసీ బయటి యూనిట్‌కు శత్రువు కూడా ఆ ఉప్పే. కరెంటు పూర్తిగా ఆపి, రేకుల మీద మంచినీటిని సన్నని ధారగా పోసి అప్పుడప్పుడు కడిగితే దాని ఆయువు పెరుగుతుంది. తుప్పు గొట్టాల దాకా పోయి ఉంటే మెకానిక్కుకు చూపించడం తప్పదు. ఉక్కపోత రోజున ఉష్ణోగ్రతను 18కి దించనక్కరలేదు, 26 దగ్గర ఉంచి ఫ్యాను వేసుకున్నా, డ్రై మోడ్‌లో పెట్టుకున్నా తేమ తగ్గి నిద్ర పడుతుంది. ఆ తేమ అంతా నీరై ఏసీ పైపులోంచి గోడ వెనక కారుతుంది, ఆ చోటు ఒకసారి వెళ్లి చూడండి. వేసవిలో మీ పెరడంతటికీ ఆరని చెమ్మ అదొక్కటే అయితే కప్పలన్నీ అక్కడే చేరుతాయి, ఆ తర్వాత ఏమి వస్తుందో మీకు చెప్పనక్కరలేదు. పైపు కింద బకెట్ పెట్టి, ఆ నీటిని దూరంగా ఉన్న మొక్కలకు పోయండి.

ఇక కిటికీలకు జాలీలు. నైలాన్ జాలీ దోమలను ఆపుతుంది గాని ఎలుక కొరికితే, కోతి లాగితే నిలవదు. మామూలు ఇనుప జాలీ ఈ గాలికి కొన్నాళ్లకే తుప్పు పట్టి, ముందుగా కింది మూలల్లో ఊడిపోతుంది, పాములకు కావలసినది సరిగ్గా ఆ మూలే. ఖర్చు ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ, కుదిరితే ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 రకం, గ్రిల్లుకు లోపలి వైపున చట్రంతో బిగించండి. అద్దె ఇల్లయినా చట్రానికి మరలు బిగించి పెట్టిస్తే వెళ్లేటప్పుడు విప్పుకుపోవచ్చు.

జవాబు: పాముల పరిచయస్థుడు

మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది ఏ పామో తేల్చలేము. కట్లపాముకు తెల్లని కట్లు తరచుగా జంటలుగా, తోక వైపు స్పష్టంగా ఉండి, మెడ వైపు వచ్చేసరికి మాయమవుతాయి. వుల్ఫ్ స్నేక్ అనే విషం లేని పాముకు మెడ దగ్గర స్పష్టంగా ఉండి, తోక వైపు మాయమవుతాయి, గోడలెక్కి స్నానాల గదుల్లో కనిపించడం దానికి బాగా అలవాటు. దీపపు వెలుగులో, కంగారులో ఈ తేడా చూసి నిర్ణయం తీసుకోవడం అనుభవజ్ఞులు కూడా చేయరు. కట్లపామే అనుకుని నడుచుకోండి.

కట్లపాము పగలు చల్లని చోట దాక్కుని రాత్రి తిరుగుతుంది. దాని కాటు చాలాసార్లు చీమ కుట్టినంతైనా తెలియదు, నేల మీద పడుకున్నవారికి తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, రెప్పలు వాలిపోతున్నప్పుడు గాని అనుమానం రాదు. అందువల్ల ఉక్కకు తాళలేక చల్లని గచ్చు మీద చాప వేసుకుని పడుకోవడం ఈ ఇంట్లో ఎవరూ చేయకూడదు. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కింద నాలుగు వైపులా దోపుకుంటే దోమలకూ పాముకూ ఒకటే అడ్డు.

ఆ తర్వాత సందులు. పాత ఇళ్లకు గడప ఉండేది, ఇప్పుడు టైల్స్ వేసేటప్పుడు దాన్ని తీసేసి తలుపు కింద వేలు పట్టేంత సందు వదిలేస్తున్నారు. ఆ సందుకు రబ్బరు పట్టీ గాని బ్రష్ పట్టీ గాని వేయించండి. స్నానాల గది నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే తూము) మీద మరలతో బిగించే జాలీ ఉండాలి, ఊరికే పైన పెట్టినది తలతో నెట్టితే పక్కకు జరుగుతుంది. గొట్టాలు గోడలోకి వెళ్లే రంధ్రాల చుట్టూ సిమెంటు పూయించండి. గోడనానుకుని పేర్చిన ఇటుకలు, కొబ్బరి మట్టలు, పాత ట్యాంకులు ఉంటే తీయించండి. కూలర్ వాడని రోజుల్లో దాని తొట్టి ఖాళీ చేసి ఆరబెట్టండి.

మీ ఇంటి యజమాని మాటలో సగం నిజం ఉంది. పాము మూకుట్లో నీళ్ల కోసం అంత దూరం రాదు, ఆ నీళ్లకు చేరే కప్పల కోసం, పక్కన చల్లిన బియ్యం నూకలకు వచ్చే ఎలుకల కోసం వస్తుంది. మూకుడును నేల మీద కాకుండా పిట్టగోడ మీదనో, కొమ్మకు వేలాడదీసో పెట్టి, గింజలు సాయంత్రానికి మిగలకుండా చూసుకుంటే పక్షులకు నీళ్లు మానేయనక్కరలేదు. రోజూ నీళ్లు పారబోసి, మూకుడు లోపలి గోడలు రుద్ది కడగాలి, లేకపోతే డెంగీ దోమకు అదే పురిటిల్లు.

వెల్లుల్లి, ఫినాయిల్, ఈశ్వరి వేరు, గుమ్మం ముందు సర్పగంధి మొక్క అంటూ మీకు చాలామంది చాలా చెబుతారు. వీటిలో ఏదీ పామును ఆపదు, పైగా అవి ఉన్నాయన్న ధీమాతో తలుపు కింద సందు అలాగే మిగిలిపోతుంది. పెరట్లో పొడవుగా, గోధుమరంగులో, చకచకా పాకే జెర్రిపోతు కనిపిస్తే పోనివ్వండి, అది మీ ఎలుకల లెక్క చూసుకుంటుంది. ఏ పామైనా ఇంట్లో దూరితే అందరూ బయటికి వచ్చి, ఆ గది తలుపు మూసి, కింద సందులో తువ్వాలు కుక్కి, అటవీశాఖకో పాములు పట్టేవారికో ఫోన్ చేయండి. చంపడం ప్రమాదం మాత్రమే కాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా కావచ్చు.

కాటు పడితే ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఉంగరాలు, గాజులు తీసేసి, 108కి ఫోన్ చేసి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో, విషం విరుగుడు మందు ఉన్న మరే దగ్గరి ఆసుపత్రికో చేరాలి. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం కోసం ఆగడం, ఇవేవీ వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఇచ్చే విరుగుడు ఒకటే కాబట్టి పామును చంపి ఆసుపత్రికి మోసుకుపోవలసిన పని కూడా లేదు.

జవాబు: ఆరిలోవ అంచు

కోతుల సంగతి పై ఇద్దరూ వదిలేశారు కాబట్టి నేను చెబుతాను. వేసవిలో కొండ మీద నీళ్లు ఇంకిపోతాయి, సరిగ్గా అప్పుడే మన పెరళ్లలో మామిడి, పనస, జీడిమామిడి పండుతాయి, కోతులు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ట్యాంకు మూతకు రెండు వైపులా కొక్కేలు పెట్టించి లావుపాటి తీగతో బిగించండి, బరువు కోసం రాయి పెడితే దాన్ని కోతి దొర్లించేస్తుంది, ఆ రాయి కిందనున్నవారి మీద పడుతుంది. కాయలను చెట్టున పండనివ్వకుండా పక్వానికి రాగానే దింపి లోపల ముగ్గవేసుకోండి. చెత్తబుట్టకు మూత ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, రోడ్డు పక్కన కారు ఆపి అరటిపళ్లు పంచే పుణ్యాత్ములు మీ వీధిలో ఉంటే వారితో మర్యాదగా మాట్లాడండి. మనిషి చేతిలో సంచి అంటే తిండి అని కోతికి నేర్పింది వారే.

కోతి ఎదురైతే కళ్లలోకి చూడకుండా, పళ్లు కనబడేలా నవ్వకుండా, పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి జరగాలని పాపకు చెప్పి ఉంచండి. కరిచినా రక్కినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద పావుగంట కడిగి, ఆ రోజే రేబీస్ టీకాకు వెళ్లాలి.

మామిడిచెట్టును మాత్రం కొట్టించవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరంలో ఎన్ని చెట్లను నేలకూల్చిందో చూసిన వాళ్లం, నీడ ఒకసారి పోతే తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మాకు తెలుసు. ఆ చెట్టు పడమటి గోడ మీద ఎండ పడకుండా ఆపుతోందేమో చూడండి. డాబాను తాకే కొమ్మలను, ఒక దూకులో అందుకోలేనంత మేర వెనక్కి నరికిస్తే చాలు.

జవాబు: పెదవాల్తేరు వైద్యురాలు

పై సలహాలన్నీ బాగున్నాయి గాని నాకు మీ అత్తగారి సంగతే ఆందోళనగా ఉంది. వయసు పైబడినవారికి దాహం సరిగా తెలియదు, రాత్రి కూడా శరీరం చల్లబడే వీలు లేకపోతే పగటి అలసట మరుసటి రోజుకు మిగిలిపోతుంది. జాలీల పని పూర్తయ్యేవరకు ఆవిడను ఏసీ ఉన్న గదిలోనే పడుకోబెట్టండి. బిడియపడతారేమో, పాపకు తోడుగా అని చెబితే ఒప్పుకుంటారు. దాహం వేసినా వేయకపోయినా కొద్దికొద్దిగా మజ్జిగ, చోడి (రాగి) అంబలి, గంజి, కొబ్బరినీళ్లు ఇస్తూ ఉండండి. మా ప్రాంతపు తరవాణి (పులియబెట్టిన గంజి నీళ్లు) ఆవిడకు కొత్త కావచ్చు, అలవాటైతే వేసవికి అంతకంటే హాయైనది లేదు. రక్తపోటు మందులు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించేవి వాడుతున్నా, గుండె, మూత్రపిండాల జబ్బులున్నా నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలన్నది మీ వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంటే నీరు చాలడం లేదని అర్థం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఎక్కడ ఉన్నారో తెలియనట్టు ప్రవర్తిస్తే అది వడదెబ్బ. అప్పుడు జ్వరం మాత్ర పనిచేయదు. 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీటితో తడిపి, ఫ్యాను కింద ఉంచాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. చెమట పడుతోంది కదా, ఇది వడదెబ్బ కాదులే అని తీరప్రాంతంలో చాలామంది అనుకుంటారు, చెమట ఉన్నా వడదెబ్బ రావచ్చు.

ప్రశ్నించినవారి స్పందన: ఎండాడ కొత్తకాపురం

అందరికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారు చెప్పినట్టు వెనక్కి వెళ్లి చూస్తే, ఏసీ పైపు కింద పచ్చగా నాచు పట్టి, దాని పక్కనే స్నానాల గది తూము బయటి మూతి ఉంది. కప్పలు కూడా ఉన్నాయి. యజమాని జాలీలకు సగం ఖర్చు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు, కొమ్మలు మాత్రమే నరికిస్తామని కూడా చెప్పాము. అత్తగారు ఏసీ గదికి మారారు. మరో సందేహం మిగిలింది: మా వారు కరెంటు పోయిన రాత్రిళ్లు డాబా మీద మంచం వేసుకుంటానంటున్నారు. పాముల భయంతో అక్కడ తెల్లవార్లూ పెద్ద లైటు వెలిగించి ఉంచాలనుకుంటున్నాము, ఇన్వర్టర్ మీద నడుస్తుంది. ఫరవాలేదా?

జవాబు: పాముల పరిచయస్థుడు

డాబా మీద మంచం, దోమతెర నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. లైటు వద్దు. ఒకటి, ఆ వెలుగుకు పురుగులు, పురుగులకు బల్లులు, కప్పలు చేరతాయి. రెండోది మీ ఇల్లు ఉన్న చోటును బట్టి చెబుతున్నాను. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరంలో శీతకాలం చివరి నుంచి ఇసుకలో గుడ్లు పెడతాయి, వేసవిలో పిల్లలు రాత్రివేళ బయటికి వచ్చి వెలుతురుగా కనిపించే వైపు పాకుతాయి. చీకటి రాత్రి వాటికి సముద్రపు మెరుపే దారి. ఒడ్డుకు కనబడే లైటు వెలిగితే అవి సముద్రాన్ని వదిలి రోడ్డు వైపు వస్తాయి. సాగర్‌నగర్ ఒడ్డుకు కనబడేలా తూర్పు వైపు ఏ లైటూ పెట్టకండి. మెట్లు దిగడానికి చేతి టార్చి సరిపోతుంది, చెప్పులు తొడుక్కునే ముందు ఒకసారి దులపండి, తేళ్లు కూడా చల్లని చోటే వెతుక్కుంటాయి.